గాడిద వధ – శాసనముల మౌనము

హైదరాబాదు పాతనగరమునందలి లాల్‌దర్వాజా పేరు వినగనే ఆషాఢమాసపు బోనములు జ్ఞప్తికి వచ్చును. ఆ పండుగ పుట్టుకను జనులు ఒకానొక కలరా ఉపద్రవముతో ముడిపెట్టి చెప్పుదురు. లాల్‌దర్వాజాలో వెలసిన మహంకాళి సింహవాహిని. ఉత్తరదేశమున మశూచికి అధిదేవతగా కొలుచు శీతలకు మాత్రము వాహనము గాడిద. రెండు కొలువులును అంటువ్యాధుల భయమునుండి బలము పొందినవే. ఒకచోట అడవిని ఏలు మృగమునకు, వేఱొకచోట మూటలు మోయు జంతువునకు ఆ గౌరవము దక్కినది. గాడిద మాట యెత్తగనే నవ్వువారికి ఈ సంగతి ముందుగా చెప్పుట మంచిది.

ఈ పాతబస్తీ సందులలో ఇప్పటికిని అప్పుడప్పుడు ఆడుగాడిదను తోలుకొని పాలమ్మువారు వచ్చుచుందురు. చంటిబిడ్డ గల తల్లి ఒక ఉగ్గుగిన్నెడు పాలు కొని బిడ్డ నోట పోయును. ఇదే జంతువును ఇచ్చటికి సుమారు మూడువందల కిలోమీటర్ల దూరమున, ఆంధ్రతీరములో, చాటుమాటుగా కోసి మాంసము అమ్ముచున్నారు. ప్రకాశము, గుంటూరు, కృష్ణా, పశ్చిమగోదావరి జిల్లాలలో ఈ వ్యాపారము సాగుచున్నదని 2021లో పత్రికలు వ్రాసినవి. కిలో ధర 600 రూపాయల వఱకు పలుకుచున్నదనియు తెలిపినవి. 2022 అక్టోబరులో బాపట్లలో పోలీసులును జంతుసంరక్షణ సంఘములవారును దాడిచేసి వందలకొలది కిలోల మాంసమును పట్టుకొనిరి. విషయము ఉన్నతన్యాయస్థానము వఱకు పోయినది. అయినను ఇట్టి చాటువ్యాపారములు ఒకచోట అణగి వేఱొకచోట తలయెత్తుట సహజము.

రెండు తెలుగు రాష్ట్రముల శాసనసభలును ఈ వధను స్పష్టమైన మాటలలో, గాడిద పేరు పెట్టి, నిషేధింపవలెనని ఈ వ్యాసము కోరుచున్నది. కోరుటకు కారణము జాలి యొక్కటే కాదు. దానిని తెలియజెప్పుటకు కొంత చరిత్ర, కొంత జీవశాస్త్రము, కొంత లెక్క కావలెను.

చట్టముతోనే మొదలుపెట్టుదము. 1860 నాటి భారత శిక్షాస్మృతిలోని 429వ సెక్షను కొన్ని జంతువులను పేరుపేరున చెప్పినది. ఏనుగు, ఒంటె, గుఱ్ఱము, కంచరగాడిద, గేదె, ఆబోతు, ఆవు, ఎద్దు – వీనిలో దేనిని చంపినను, కుంటిదానిని చేసినను, దాని వెల ఎంతయైనను, ఐదేండ్ల వఱకు శిక్ష విధింపవచ్చును. తక్కిన జంతువులకు ఆ రక్షణ లభింపవలెనన్నచో వాని వెల 50 రూపాయలకు తగ్గరాదు. ఆ పట్టికలో గాడిద పేరు లేదు. కంచరగాడిద పేరున్నది! కంచరగాడిదకు తల్లి గుఱ్ఱము, తండ్రి గాడిద. గుఱ్ఱమునకు 64 క్రోమోసోములు, గాడిదకు 62. సంతానమునకు 63 వచ్చుటచేతనే అది సాధారణముగా గొడ్డుపోవును. బిడ్డను రక్షించిన శాసనము తండ్రిని విడిచిపెట్టినది. కంచరగాడిద సైన్యమునకు ఫిరంగులు మోసెడిది, గాడిద చాకిరేవునకు మూటలు మోసెడిది. పట్టిక వ్రాసినవారి కన్ను దేనిపై నిలిచినదో ఊహింపవచ్చును.

ఈ లోపము ఇప్పుడు కొంత తీరినది. 2024 జులై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహిత 325వ సెక్షను పట్టికను తీసివేసి 'ఏ జంతువైనను' అన్నది. అయినను చిక్కు మిగిలియే యున్నది. పాతదైనను క్రొత్తదైనను ఈ సెక్షను ఒకరి సొత్తుకు మఱియొకరు నష్టము కలిగించు నేరమునకు సంబంధించినది. యజమాని తన గాడిదను తానే కసాయికి అమ్మి డబ్బు పుచ్చుకొన్నచో నష్టపడినవాడెవడు? గాడిదయే. దాని పక్షమున ఈ సెక్షను నోరు మెదపదు.

గాడిద మనిషి వద్దకు వచ్చి సుమారు ఏడువేల సంవత్సరములైనది. 2022లో 'సైన్స్' పత్రికలో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో 207 ఆధునిక గాడిదల జన్యువులను, వానితోపాటు పురాతనమైన ఎముకలనుండి తీసిన జన్యువులను పోల్చి చూచిరి. నేటి గాడిదలన్నియు తూర్పు ఆఫ్రికాలో ఒక్కమారు జరిగిన మచ్చికనుండి వచ్చినవని తేలినది. గుఱ్ఱము మచ్చికయగుటకు వేలయేండ్ల పూర్వమే ఇది జరిగినది. ఈజిప్టులోని అబీడోసు నగరమున ఒక తొలి రాజు సమాధిచెంత పది గాడిదల అస్థిపంజరములు దొరికినవి. అవి సుమారు క్రీ.పూ. 3000 నాటివి. వాని వెన్నెముకలయందు బరువులు మోసిన గుర్తులు స్పష్టముగా నున్నవి. పిరమిడ్లకంటె పాతవి ఈ అరిగిన వెన్నెముకలు.

ఎడారి పుట్టుక గాడిదకు విచిత్రమైన ఓర్పు నిచ్చినది. శరీరపు బరువులో నూటికి 25, 30 పాళ్లవఱకు నీరు కోల్పోయినను అది బ్రతికియుండగలదు. నీరు దొరికినంతనే కొద్ది నిమిషములలో ఆ లోటు తీర్చుకొనగలదు. ఇతర పశువులు ముట్టని ఎండుగడ్డి, తుప్ప, చొప్ప తిని అరిగించుకొనగలదు. పేదవాని యింట నిలిచినది అందుచేతనే. దానిని పోషించుటకు ప్రత్యేకముగా దాణా కొనవలసిన పని లేదు.

మన చరిత్రగ్రంథములలో అశ్వమునకు అధ్యాయములున్నవి. విజయనగరమునకు వచ్చిన పోర్చుగీసు వర్తకుడు నూనిజ్, రాయలవారు ఏటేట ఓర్ముజు గుఱ్ఱములు పదుమూడువేలు కొనుచుండిరని వ్రాసెను. హైదరాబాదులో మౌలాలీవద్ద మొదలైన పందెములు 1886లో మలక్‌పేటకు మారినవి; ఆ మైదానము నేటికిని ఉన్నది. గాడిద కొఱకు వెదకినచో దొరకునవి కొద్ది మాటలే, అవియు అవమానపు మాటలే. కళింగాధిపతియైన ఖారవేలుడు పితుండమను పట్టణమును గాడిదలు కట్టిన నాగలితో దున్నించెనని హాథీగుంఫా శాసనమును చదివిన పండితులు చెప్పుదురు. శత్రునగరమును గాడిదలతో దున్నించుట ఆ కాలమున పరాభవమునకు పరాకాష్ఠ. ఆ పితుండము కృష్ణా ముఖద్వార ప్రాంతమున ఉండియుండునని పలువురి యభిప్రాయము. నేడు గాడిద మాంసము అమ్ముడగుచున్నదియు ఆ తీరముననే. చరిత్రలో ఇట్టి కలయికలకు అర్థము వెదకరాదు గాని, ఉపాధ్యాయునికి పటము చూపించి పాఠము చెప్పుటకు పనికివచ్చును.

శాసనములకెక్కని పని వేఱుగా నున్నది. రజకులు మైలబట్టలను రేవునకును, ఉతికిన బట్టలను ఊరికిని చేర్చినది గాడిద వీపుమీదనే. వడ్డెరలు రాయి మోయించిరి, కుమ్మరులు మన్ను మోయించిరి. ఇటుక బట్టీలవద్ద, సున్నపు గానుగలవద్ద, ఇసుక తోడు ఏటిగట్లమీద పెరికెలు వేసిన గాడిదలు వరుసగట్టి నడచినవి. బండి పోలేని సందులో, మెట్ల దారిలో, కొండవాలులో గాడిద పోగలదు. తోలువాడు లేకున్నను అలవాటైన దారిలో బరువు దించి తిరిగి రాగలదు. ఈ జంతువును 'బుద్ధిలేనిది' అనుట ఎట్లు వచ్చినదో! భయము కలిగినపుడు గుఱ్ఱము పరుగెత్తును, గాడిద నిలిచిపోయి ఆలోచించును. దానినే మనము మొండితనమన్నాము. మన ఊళ్లలో దుకాణముల ముందు దిష్టి తగులకుండ, కలిసివచ్చుటకై గాడిదల పటములు తగిలించువారు నేటికిని కలరు. పటమునకు దండ, ప్రాణికి కఱ్ఱ.

ఇక మాంసము సంగతి. కొనువారు ఆకలి తీర్చుకొనుటకు కొనుట లేదు. కిలో 600 రూపాయలు పెట్టగలవానికి కోడియు మేకయు దొరకును. గాడిద మాంసము తిన్నచో నడుమునొప్పి, ఉబ్బసము పోవుననియు, దేహబలమును మగతనమును పెరుగుననియు నమ్ముచున్నారు. గాడిద రక్తము త్రాగి పరుగెత్తినచో వేగము వచ్చునని మఱియొక నమ్మకము. ఈ రెండవదానికి స్టూవర్టుపురము పేరు చేర్చి ఒక కట్టుకథ చెప్పుదురు. ఆ గ్రామము నేరస్థజాతుల చట్టము క్రింద 1913 ప్రాంతమున ఏర్పడిన బలవంతపు స్థావరము. ఆ చట్టము 1952లో రద్దయినది; దాని మచ్చ మాత్రము కథల రూపమున నేటికిని ఎఱుకలవారిని వెన్నాడుచున్నది. మాంసము అమ్ముకొనుటకు ఒక జాతి ప్రజల అపకీర్తిని ప్రకటనగా వాడుట కంటె నీచమైన వర్తకము లేదు.

శరీరధర్మశాస్త్రము ఈ నమ్మకములకు చోటివ్వదు. ఏ మాంసమునందలి ప్రోటీనులైనను జీర్ణాశయములోను చిన్నప్రేవులలోను విడిపోయి అమైనో ఆమ్లములగును. ప్రేవుగోడ దాటి రక్తములోనికి పోవునవి ముఖ్యముగా ఈ అమైనో ఆమ్లములే. అవి గాడిదనుండి వచ్చినవా, కందిపప్పునుండి వచ్చినవా అను గుర్తు వానిపై ఉండదు. రక్తమునందలి హీమోగ్లోబినుకును ఇదే గతి. దానినుండి కొంత ఇనుము మాత్రము ఒంటబట్టును. అది కాలేయము తిన్నను వచ్చును. పరుగెత్తువాని వేగము అతని కండరములు, గుండె, ఊపిరితిత్తులు, సాధన అనువానిపై ఆధారపడును. గ్లాసెడు రక్తము త్రాగి పరుగెత్తువానికి కలుగునది వేగము కాదు, వాంతి.

ఇప్పుడు లెక్క. ఉపాధ్యాయ మిత్రులు దీనిని నల్లబల్లమీద వేయింపవచ్చును. నూఱు గాడిదల మంద ఒకటి ఉన్నదనుకొందము. అందులో ఆడువి 50. పసివానిని ముసలివానిని తీసివేయగా ఈనదగినవి 35 మిగులును. గాడిద గర్భకాలము సుమారు 12 నెలలు. ఒక్కొక్కప్పుడు అంతకు మించును. ఈతకు ఒక్కటే పిల్ల. కవలలు పుట్టి బ్రతుకుట మిక్కిలి అరుదు. ఈతకును ఈతకును నడుమ సగటున ఏడాదిన్నర పట్టుననుకొన్నచో ఏటికి 23 పిల్లలు పుట్టును. అందులో పసితనమున 5 పోవుననుకొనుడు. పెద్దవానిలో వయసుచేతను వ్యాధులచేతను 8 పోవుననుకొనుడు. మిగులు 10. అనగా ఈ మందనుండి ఏటికి పదింటికంటె ఎక్కువ కోసినచో మంద తఱుగుట మొదలిడును. కసాయి ఆడుగాడిదలను ఏరి కొనినచో ఇంకను వేగముగా తఱుగును. ఈ అంకెలు ఊహకు తీసికొన్నవి. వానిని కొంత మార్చి వేసినను ఫలితము పెద్దగా మారదు. పంది సంగతి చూడుడు. దాని గర్భకాలము 114 దినములు, ఏడాదికి రెండు ఈతలు, ఈతకు ఎనిమిది పది పిల్లలు. మేకకు ఐదు నెలల గర్భము, తఱచు కవలలు. మనిషి ఆహారమునకై పెంచు జంతువులలో పెక్కు ఇట్లు త్వరగా పెరుగునవే. గాడిద ఆ వర్గములోనిది కాదు. అది ఒక్కొక్క బిడ్డను కని, యేండ్లతరబడి పనిచేసి, ఇరువదియేండ్లకు పైబడి జీవించు జంతువు.

లెక్కలో కనబడినది పశుగణనలోను కనబడుచున్నది. దేశమంతటను 2012లో సుమారు 3 లక్షల 20 వేల గాడిదలుండగా 2019 నాటి 20వ పశుగణనలో సుమారు 1 లక్ష 20 వేలు మాత్రమే తేలినవి. ఆంధ్రప్రదేశములో పదివేలకు కొంచెము మించియున్నవి ఆ ఏడేండ్లలో ఐదువేలలోపునకు దిగినవి. చక్రవడ్డీ సూత్రమును తలక్రిందులుగా ప్రయోగించినచో, ఏటేట ఉన్నవానిలో పదింట ఒకవంతుకంటె కొంచెము ఎక్కువగా తఱిగినట్లు విద్యార్థులే కనుగొనగలరు.

ఈ తఱుగుదలకు మాంసమొక్కటే కారణమనుట న్యాయము కాదు. ట్రాలీ ఆటోలు వచ్చినవి. బట్టలుతుకు యంత్రములు వచ్చినవి. ఊరిబయట మేతభూములు పోయినవి. రజకుల బిడ్డలు చదువుకొని వేఱు ఉద్యోగములలో చేరిరి, చేరవలసినదే. గుఱ్ఱములును అవే సంవత్సరములలో 6 లక్షల 20 వేలనుండి 3 లక్షల 40 వేలకు తగ్గినవి. అయితే పని తగ్గిన జంతువు మెల్లగా తగ్గును. దానికి మాంసపు వెల కట్టినపుడు తగ్గుదల పరుగెత్తును. గాడిద ధర పెరిగిన కొలది, దానితో ఇంకను పని ఉన్న పేదవాడుకూడ అమ్ముకొనుటకు సిద్ధపడును. అమ్మినవాడు మరల కొనలేడు. తీరమున గాడిదలు కఱవైనకొద్ది దూరరాష్ట్రములనుండి లారీలలో కుక్కి తెచ్చుట జరుగుచున్నది.

వ్యాధుల మాట వేఱుగా చెప్పవలెను. గుఱ్ఱపుజాతికి వచ్చు గ్లాండర్స్ అను వ్యాధి మనుష్యులకును అంటును. చికిత్స లేనిచో ప్రాణాంతకము. దాని సూక్ష్మజీవిని 1882లో లెఫ్లర్, షూట్స్ అను జర్మను శాస్త్రజ్ఞులు కనుగొనిరి. మన దేశములో దానిని అరికట్టుటకు 1899లోనే ఒక చట్టము చేయబడినది. జబ్బు జంతువు ముక్కునుండి, పుండ్లనుండి వచ్చు స్రావములను తాకువానికి, అనగా కోయువానికి, మొదటి ముప్పు. ఇక తినువాని సంగతి: 1975 మొదలు ఫ్రాన్సు, ఇటలీ దేశములలో గుఱ్ఱపుమాంసము తినుటవలన త్రికినెల్లా అను సూక్ష్మమైన పురుగు సోకి పలుమార్లు జనులు జబ్బుపడిరి. అక్కడ పశువైద్యుల తనిఖీ ఉన్నను అట్లు జరిగినది. మన తీరమున తెల్లవాఱకముందే కాలువగట్టున కోయు జంతువును చూచు వైద్యుడెవడు? పైగా పనిగాడిదలకు నొప్పి తగ్గుటకు ఇచ్చు ఫినైల్‌బ్యూటజోను వంటి మందులు ఆహారపు జంతువులకు ఇవ్వరానివి. మనుష్యుల రక్తోత్పత్తికి అవి హాని చేయగలవు.

'మేకను తినువారు గాడిదను తినరాదనుట ఏమి తర్కము?' అని తెలివిగల విద్యార్థి అడుగును. అడుగవలసిన ప్రశ్నయే. ఒకప్పుడు శాస్త్రజ్ఞులే ఈ ప్రశ్న అడిగిరి. క్రీ.శ. 732లో మూడవ గ్రెగరీ పోపు జర్మనీలోని మతప్రచారకునికి లేఖ వ్రాసి గుఱ్ఱపుమాంసమును మాన్పింపుమనెను. ఐరోపాలో వేయేండ్లకు పైగా ఆ రోత నిలిచినది. 1856లో జంతుశాస్త్రజ్ఞుడు ఇజిడోర్ జోఫ్రవా సాంతిలేర్ ఆ రోతకు కారణము లేదనియు, పారిసు కూలివాండ్రు మాంసము లేక కృశించుచుండగా మంచి ఆహారమును పాఱవేయుచున్నామనియు ఒక గ్రంథము వ్రాసెను. 1866లో ఫ్రాన్సు ప్రభుత్వము గుఱ్ఱపుమాంసపు అంగళ్లను అనుమతించెను. నాలుగేండ్లకు జర్మనుసేన పారిసును ముట్టడించినపుడు నగరవాసులను బ్రతికించినవానిలో ఆ మాంసము ఒకటి.

సాంతిలేర్ వాదము తప్పని నేననను. ఆ కాలమున ఆ నగరమున అది సరియైనదే. ముసలియై పని మానిన బండిగుఱ్ఱములు అక్కడ వేలకొలది ఉండెను; వాని మాంసము తిన్నంత మాత్రమున జాతి తఱిగెడిది కాదు. ఆ శాసనము తనిఖీ లేని చాటుమాంసమును తనిఖీలోనికి తెచ్చినది. కొన్నవారు పేదలు, ధర చవుక. మన తీరమున వీనిలో ఒక్కటియు లేదు. జంతువు మిగులు కాదు, కొఱత. కొనువాడు ఆకలిగొన్నవాడు కాదు. తనిఖీ శూన్యము. ఒకరి తిండిని చూచి రోతపడుట శాస్త్రము పని కాదు. కాని పై లెక్క మరచుటయు శాస్త్రము కాదు.

ఈ వ్యాపారమునకు ద్వారము తెరచిన దేశములకు ఏమైనదో చూడవచ్చును. చైనాలో గాడిద చర్మమును ఉడికించి ఎజియావో అను జిగురుమందు చేయుదురు, మాంసమును తిందురు. 1992లో అక్కడ సుమారు 1 కోటి 10 లక్షల గాడిదలుండగా అవి 30 లక్షల లోపునకు తగ్గినవి. ఆ కొఱత తీర్చుకొనుటకు వర్తకులు ఆఫ్రికాపై పడిరి. కెన్యా 2016 నుండి గాడిదల కబేళాలకు అనుమతి నిచ్చినది. కోత పుట్టుకను మించిపోయినది; గాడిదల దొంగతనములు పెచ్చుపెరిగినవి; నీళ్లు మోయు గాడిద పోగా ఆ బిందెలు స్త్రీల నెత్తికెక్కినవి. 2020లో ప్రభుత్వము ఆ కబేళాలను నిషేధించినది; మఱుసటి ఏడు న్యాయస్థానము ఆ నిషేధమును కొట్టివేసినది. తుదకు 2024 ఫిబ్రవరిలో ఆఫ్రికా సమాఖ్య చర్మములకై గాడిదల వధను ఖండమంతట 15 ఏండ్లపాటు నిలిపివేయ నిశ్చయించినది.

అమెరికా అనుభవము మన శాసనసభ్యులకు మఱింత పనికివచ్చును. టెక్సాసు రాష్ట్రమున మనుష్యుల ఆహారమునకై గుఱ్ఱపుమాంసమును అమ్మరాదని 1949లోనే చట్టమున్నది. దశాబ్దులు అది నిద్రించినది. 2007లో న్యాయస్థానము ఆ పాతచట్టము చెల్లునని తీర్పు చెప్పగా అక్కడి రెండు కబేళాలును మూతపడినవి. అదే యేట ఇల్లినాయిసులోని చివరి కబేళాయు పోయినది. స్పష్టముగా వ్రాసిన వాక్యము ఏబదియేండ్ల తరువాతనైనను పనిచేయును. అయితే అమెరికా గుఱ్ఱములు అటుపిమ్మట మెక్సికో, కెనడా కబేళాలకు లారీలలో పోజొచ్చినవి. కోతను నిషేధించి రవాణాను మరచినందున వచ్చిన ఫలితమిది.

మన ప్రస్తుత శాసనములేవి? ఆహారభద్రతా నియమములు మాంసమునకు పనికివచ్చు జంతువులను చెప్పుచు గొఱ్ఱె, మేక, పంది, పశుజాతి, కోళ్లు, చేపలు మొదలగువానిని పేర్కొన్నవి. గాడిదయు గుఱ్ఱమును అందులో లేవు. కనుక ఆ మాంసమును అమ్ముట అక్రమమే. కాని ఇది లేకపోవుటచేత కలిగిన నిషేధము. చదివి చూపించుటకు వాక్యము లేదు. 2001 నాటి కబేళా నియమములు గుర్తింపు పొందిన కబేళాలలో తప్ప వధ జరుగరాదనియు, చూలుతోనున్న జంతువును కోయరాదనియు చెప్పుచున్నవి. 1950 నాటి జంతుబలుల నిషేధము దేవాలయములకు సంబంధించినది. 1977 నాటి గోవధ నిషేధ, జంతుసంరక్షణ చట్టము ఆవు, ఎద్దు, గేదెలవద్ద ఆగినది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టము గాడిదకును వర్తించును. కాని 11వ సెక్షను క్రింద మొదటి నేరమునకు జరిమానా 10 రూపాయలకు తగ్గకుండ, 50 రూపాయలకు మించకుండ అని వ్రాసియున్నది. ఒక కిలో మాంసపు లాభములో అది ఎన్నవ వంతో!

చట్టము పేరు పెట్టి రక్షించినపుడు ఏమగునో గాడిద బంధువే సాక్ష్యము చెప్పును. కచ్ఛపు రణములోని అడవిగాడిదలు 1958 ప్రాంతమున సుర్రా వ్యాధిచేతను, ఆ వెంటనే 1960–61లో వచ్చిన ఆఫ్రికా అశ్వరోగముచేతను మూకుమ్మడిగా చచ్చి, ఆ దశాబ్ది ముగియునప్పటికి కొన్ని వందలు మాత్రమే మిగిలెను. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము వానిని మొదటి షెడ్యూలులో చేర్చినది, అభయారణ్యము ఏర్పడినది. 2020 గణనలో అవి 6,000 దాటినవి. అడవిలో తిరుగు గాడిదలు నేడు ఆంధ్రప్రదేశములోని పెంపుడు గాడిదలకంటె సంఖ్యలో ఎక్కువ!

రాజ్యాంగము ఏడవ షెడ్యూలులోని రాష్ట్రముల పట్టికలో పశుసంపద సంరక్షణయు, ఉమ్మడి పట్టికలో జంతుహింస నివారణయు ఉన్నవి. కనుక శాసనసభలకు అధికారము లేదను ప్రశ్న రాదు. గాడిద, గుఱ్ఱము, కంచరగాడిద అని మూటిని పేర్కొని, ఆహారమునకై వానిని వధించుట, మాంసము అమ్ముట, వధకై రవాణా చేయుట మూడును నేరములనవలెను. టెక్సాసు కథ మరువక ఆంధ్రప్రదేశ్, తెలంగాణలు ఒకే మాటలతో శాసించినచో సరిహద్దు దాటించు ఉపాయము కొంత తగ్గును. జరిమానా మాంసపు ధరను మించవలెను. ముసలి గాడిదను అమ్ముకొను పేదవానిపై మాత్రము చట్టము మొదటి దెబ్బ వేయరాదు. అతనికి ఉచిత పశువైద్యము, పోషింపలేనిచో జంతువును అప్పగించుటకు చోటు, గాడిదను నిలుపుకొన్నవానికి కొంత సహాయము – ఇవి చట్టముతో పాటు రాకున్నచో అది కాగితము మీదనే ఉండును.

ఉన్నత పాఠశాలలవారు చేయదగిన చిన్న పని యొకటి కలదు. తమ ఊరిలో ఎన్ని గాడిదలున్నవి, ఆడువెన్ని, పిల్లలెన్ని, ఏ పని చేయుచున్నవి, గత ఐదేండ్లలో ఎన్ని అమ్ముడుపోయినవి అని యజమానుల పేర్లు వ్రాయకుండ విద్యార్థులచేత ఒక పట్టిక తయారుచేయింపవచ్చును. ఒక ఆదివారము చాలును. పశుగణన ఐదేండ్లకో ఏడేండ్లకో ఒకమారు వచ్చును. ఈ పట్టికను ఏటేట తీయవచ్చును. దాని నకలొకటి తమ నియోజకవర్గపు శాసనసభ్యునికి పంపుటకు తపాలా ఖర్చు తప్ప వేఱు వ్యయము లేదు.